పాత ల్యాప్‌టాప్‌కి ఇంటి ఫొటోల బాధ్యత అప్పగించండి

మూలన పడున్న ల్యాప్‌టాప్‌ని ఏం చేయాలని ఎవరడిగినా నా జవాబు ఒకటే: ఇంటిల్లిపాది ఫొటోలూ అందులో దాచండి. గోడకి తగిలించే డిజిటల్ ఫ్రేమ్, పెద్ద గడియారం లాంటి ఐడియాలు చూడ్డానికి బాగుంటాయి గానీ, నాలుగు రోజులు పోతే వాటి వంక చూసేవాళ్లుండరు. ఫోన్లు మాత్రం రోజూ నిండుతూనే ఉంటాయి.

ముందు బ్యాటరీ సంగతి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బి టేబుల్ మీద సమంగా కూర్చోకపోయినా ఛార్జింగ్ పెట్టొద్దు. తెలిసినవాళ్ల చేత తీయించేయండి. గుచ్చడం, నొక్కడం వద్దు. చెత్తబుట్టలో అసలే వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి. చాలా మోడళ్లు బ్యాటరీ లేకపోయినా అడాప్టర్ మీద నడుస్తాయి. బ్యాటరీ బాగుందంటే మాత్రం ఉచితంగా యూపీఎస్ దొరికినట్టే.

విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే నేను విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో, తేలిగ్గా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేస్తాను. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. డిస్క్ మొత్తం చెరిపే ఇన్‌స్టలేషన్ కాబట్టి పాత ఫైళ్లు ముందే వేరేచోట కాపీ చేసుకోండి. తర్వాత మింట్‌లోని ‘డిస్క్స్’ యాప్‌లో స్మార్ట్ డేటా (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) తెరిచి, రీఎలొకేటెడ్ సెక్టార్ల అంకె, అంటే పాడై పక్కన పెట్టేసిన భాగాలెన్నో, చూడండి. అది పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ని నమ్మొద్దు, కొత్త ఎస్ఎస్‌డీ వేయించండి. పవర్ మేనేజర్‌లో మూత మూస్తే సస్పెండ్ కాకుండా స్క్రీన్ మాత్రమే ఆగేలా పెట్టాలి.

ఇక అసలు పని. ఒక పరికరంలోని ఫోల్డర్‌ని ఇంకోదాంట్లోకి దానంతటదే కాపీ చేస్తూ ఉండే ఉచిత యాప్ సింక్‌థింగ్. దాన్ని ల్యాప్‌టాప్‌లో వేసి, ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం ‘సింక్‌థింగ్-ఫోర్క్’ వేసి (అసలు ఆండ్రాయిడ్ యాప్ 2024లో ఆగిపోయింది), క్యూఆర్ కోడ్‌తో ఒకదానికొకటి పరిచయం చేయండి. ఫోన్‌లో కెమెరా ఫోల్డర్ ఒక్కటే ఎంచుకోండి. వాట్సాప్‌ది కూడా కలిపారో, మా నాన్నగారి ఫోన్‌లోని గుడ్ మార్నింగ్ పూలన్నీ వచ్చి కూర్చున్నట్టే మీకూ వచ్చి కూర్చుంటాయి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సింక్ అంటే బ్యాకప్ కాదు. ఫోన్‌లో ఫొటో డిలీట్ చేస్తే ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది. దానికి విరుగుడు, ల్యాప్‌టాప్ వైపు ఆ ఫోల్డర్ సెట్టింగుల్లో ఫైల్ వర్షనింగ్‌కి (పాత కాపీలు దాచే సదుపాయం) వెళ్లి ‘ట్రాష్ క్యాన్’ ఎంచుకోవడం. అప్పుడు డిలీట్ చేసినవి ఒక దాపుడు ఫోల్డర్‌లో ఉండిపోతాయి. దీంతోపాటు అప్పుడప్పుడూ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఇంకో కాపీ తీసి, కేబుల్ ఊడదీసి బీరువాలో పెట్టండి.

పాత డెస్క్‌టాప్‌ని మాత్రం ఈ పనికి పెట్టను, రాత్రింబవళ్లు నడిపితే కరెంటు బాగా లాగుతుంది. దాని మానిటర్‌ని మీరు రోజూ వాడే ల్యాప్‌టాప్‌కి రెండో స్క్రీన్‌గా తగిలించుకోవచ్చు. హార్డ్ డిస్క్‌ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (ఎక్స్‌టర్నల్ డిస్క్‌గా మార్చే డబ్బా) వేసుకోవచ్చు, కాకపోతే 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టులు కావాలి కాబట్టి సొంత అడాప్టర్ ఉన్నదే చూసి కొనండి. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లు షాక్ కొట్టగలవు.