గాలివాన మీ ఊరికి ఎన్ని నిమిషాల దూరంలో ఉంది? హైదరాబాద్ రాడార్ చూసి లెక్కగట్టే పద్ధతి

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మార్చి నుంచి మే దాకా గాలివానలు ఎక్కువగా మధ్యాహ్నం మూడు దాటాకే లేస్తాయి. సరిగ్గా ఆ వేళకే కల్లంలో వడ్లు, ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్లో రాశులు, తాళ్ల మీద గీత కార్మికులు, బీళ్లలో గొర్రెలు ఉంటాయి. జిల్లాకంతటికీ కలిపి ఇచ్చే హెచ్చరిక మీ మండలం సంగతి విడిగా చెప్పదు. అది రాడార్ బొమ్మలో దొరుకుతుంది. కాకపోతే బొమ్మలోని ఎర్రరంగు ఊరి మీదికి వచ్చేదాకా ఆగితే అప్పటికే గాలి కొట్టేసి ఉంటుంది, పిడుగూ పడి ఉండొచ్చు.

వాతావరణ శాఖ సైట్ మౌసం డాట్ ఐఎండీ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాడార్ విభాగం తెరిచి హైదరాబాద్‌ను ఎంచుకోండి. ఇది ఎస్-బ్యాండ్ డాప్లర్ రాడార్, అంటే రేడియో తరంగాలు పంపి, మబ్బులకు తగిలి తిరిగొచ్చినవాటితో వాననూ గాలి వేగాన్నీ కొలిచేది. చుట్టూ 250 కిలోమీటర్ల దాకా చూపిస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దీనికి నేరుగా కొలిస్తే వంద కిలోమీటర్లలోపే ఉన్నాయి. వనపర్తి సుమారు 130, గద్వాల 150. కోదాడకు హైదరాబాద్, మచిలీపట్నం రాడార్లు ఇంచుమించు ఒకే దూరం. కాబట్టి అటువైపు వాళ్లు రెండూ చూడాలి, ఒకటి ఆగిపోయిన రోజు రెండోది పనికొస్తుంది.

బొమ్మ తెరవగానే రంగుల జోలికి పోకుండా మొదట టైం చూడండి. చాలా బొమ్మల మీద యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి) టైం ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలపాలి. 10:30 అని ఉంటే మనకు సాయంత్రం నాలుగు. కొత్త బొమ్మ సుమారు పది నిమిషాలకొకటి వస్తుంది, సైట్‌లోకి ఎక్కడానికి ఇంకాస్త పడుతుంది. అరగంట దాటిన బొమ్మను పక్కన పెట్టేయండి. ఫోన్ పాత బొమ్మనే దాచిపెట్టుకుని చూపించడం మామూలే, పేజీని మళ్లీ లోడ్ చేయాలి. కొన్ని ప్రైవేటు యాప్‌లు రాడార్ అని చూపించేది కంప్యూటర్ అంచనా మాత్రమే. రాబోయే గంటల మబ్బు కూడా కదులుతూ కనిపిస్తోందంటే అది అంచనాయే.

రోజువారీ వాడకానికి మ్యాక్స్ జెడ్ బొమ్మ చాలు, ఒక్కో చోట మబ్బులో ఏ ఎత్తున ఉన్నా అన్నిటికంటే గట్టి అంకెను ఇది చూపిస్తుంది. రంగులు సైట్‌కొక తీరుగా ఉంటాయి కనుక పక్కనున్న స్కేలు మీద డీబీజెడ్ అంకె (మబ్బు నుంచి తిరిగొచ్చిన తరంగాల బలం) చదవడం అలవాటు చేసుకోండి. 20 దగ్గర తుంపర. 40 అంటే గంటకు 12 మిల్లీమీటర్ల లెక్కన వాన, 50 అంటే గంటకు 50 మిల్లీమీటర్ల దాకా. 55 దాటితే రాళ్లవానను అనుమానించాలి. బొమ్మకు పైన, పక్కన ఉండే పట్టీల్లో మబ్బు ఎత్తు తెలుస్తుంది, చాలామంది వాటిని చూడనే చూడరు. ఎండాకాలం మన దగ్గర నేల నుంచి దాదాపు ఐదు కిలోమీటర్ల పైన నీరు గడ్డకట్టే చలి ఉంటుంది. 50 డీబీజెడ్ రంగు ఎనిమిది కిలోమీటర్లు దాటి పైకి లేచిందంటే అందులో వడగండ్లు తయారవుతున్నాయనే అనుకోండి. బత్తాయి, మామిడి తోటల వాళ్లకు మొత్తం బొమ్మలో ముఖ్యమైనది ఈ పట్టీలే.

ఇక లెక్క. 3:40 బొమ్మలో గట్టి రంగు ముందంచు నారాయణపేటకు 15 కిలోమీటర్ల పడమర, కర్ణాటక వైపు ఉందనుకోండి. 4:00 బొమ్మలో నారాయణపేట మీదికొచ్చింది. ఇరవై నిమిషాల్లో 15 కిలోమీటర్లంటే గంటకు 45. అక్కడి నుంచి మహబూబ్‌నగర్ సుమారు 50 కిలోమీటర్లు, అంటే వాన ఐదు దాటి ఏడు నిమిషాలకు. కానీ మబ్బులోంచి కిందికి దూకిన చల్లగాలి వాన కంటే 10, 15 కిలోమీటర్లు ముందే పరిగెత్తుతుంది, పిడుగులూ అంత దూరంలో పడగలవు. అందుకు ఇరవై నిమిషాలు తీసేస్తే 4:47. నాలుగింటి బొమ్మ మీరు చూసేసరికి 4:12 అయింది. చేతిలో మిగిలింది 35 నిమిషాలే. బొమ్మ చూసి గంటకు పైగా టైం ఉందనుకునే చోటే మనుషులు దొరికిపోతారు.

ఈ లెక్క తప్పే సందర్భాలూ ఉన్నాయి. విడిగా లేచిన మబ్బు అరగంట నుంచి గంటలో అణగిపోవచ్చు, దాని చల్లగాలి తోసిన చోట ఇంకో మబ్బు పుట్టొచ్చు. అలాంటి రోజు పది నిమిషాలకోసారి చూడాల్సిందే. మబ్బులన్నీ కలిసి పొడుగాటి వరుసగా కదులుతుంటే లెక్క బాగా కుదురుతుంది, గాలి కూడా గట్టిగా ఉంటుంది.

తక్కువ అంకె చూసి నిశ్చింతగా ఉండటం ఇంకో పొరపాటు. రాడార్ కిరణం అర డిగ్రీ పైకెత్తి వెళితే వంద కిలోమీటర్ల దూరంలో నేలకు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున, గద్వాల దగ్గర రెండున్నర కిలోమీటర్ల ఎత్తున పోతుంది. దాని కింద వీచే గాలిదుమారం దానికి కనిపించదు. పైగా ఏప్రిల్ పొడిగాలిలో వాన చినుకులు దారిలోనే ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. ఆ బరువైన చల్లగాలి నేలకు గుద్దుకుని నలువైపులా ఎగదన్నుతుంది. 35 డీబీజెడ్ మబ్బు కింద చుక్క వాన పడకుండానే రేకులు లేచిపోవడానికి కారణం ఇదే. గాలి వేగం చూపే పీపీఐ వి బొమ్మను నమ్ముకుందామంటే, అది రాడార్ వైపు వచ్చే, రాడార్ నుంచి పోయే వేగాన్నే కొలుస్తుంది. హైదరాబాద్‌కు దాదాపు దక్షిణాన ఉన్న అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీద పడమటి గాలి ఎంత బలంగా వీచినా అందులో దాదాపు సున్నాగానే ఉంటుంది. పెద్ద అంకె కనిపిస్తే మాత్రం నమ్మండి: సెకనుకు 20 మీటర్లంటే గంటకు 72 కిలోమీటర్లు.

కదలకుండా ఒకేచోట ఉండే మచ్చలు గుట్టలవి. పొద్దు పొడిచేటప్పుడు, కుంకేటప్పుడు సూర్యుడి దిక్కున సన్నటి గీత పడుతుంది. రెండింటినీ వదిలేయండి.

రాడార్ పిడుగును చూపించదు. దానికి పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ఉంది, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పడినవి చూపిస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. సిగ్నల్ లేని బాయికాడ మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కబెట్టి మూడుతో భాగించండి, కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్లలోపు వినబడితే పని ఆపాలి.

పై లెక్కలో గంట మిగిలితే రాశిని గుట్టలా ఎత్తుగా చేసి, టార్పాలిన్ అంచుల మీద ఇసుక బస్తాలు వరుసగా పేర్చి, చుట్టూ జానెడు లోతు కాలువ తీయొచ్చు. విడివిడి రాళ్లు పెడితే గాలి వాటి మధ్య దూరి పట్టాను లేపుతుంది. అరగంటే ఉంటే కప్పి, బరువులు పెట్టి, గొర్రెలను చెట్ల కిందికి పోనీయకుండా తోలుకురండి. పావుగంట లోపైతే వడ్లను వదిలేసి స్లాబు ఇంట్లోకో, అద్దాలు ఎక్కించిన కారులోకో వెళ్లాలి. వేప, చింత, తాటిచెట్ల కింద, పక్కలు లేని రేకుల షెడ్డులో, ట్రాక్టర్ మీద ఉండకూడదు. మోటారు స్టార్టర్‌ను ఉరుములు మొదలయ్యాక ముట్టొద్దు. ఏ నీడా దొరకకపోతే చెట్లకు, తీగలకు దూరంగా పాదాలు దగ్గరపెట్టి గొంతు కూర్చోండి, పడుకోవద్దు. ఇది గత్యంతరం లేనప్పుడు చేసే పని, దీంతో భద్రత దొరికినట్టు కాదు.

బొమ్మలో రంగు దాటిపోయినా చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రండి. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, ముట్టుకోవచ్చు. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. తెగిపడిన తీగల సంగతి వేరు: దగ్గరికి పోకుండా 1912కు చెప్పండి.