నాటుకోళ్ల దాణాలో మునగాకు పొడి కలపడం ఎలా?

చంద్రగిరి, పాకాల, పలమనేరు వైపు పల్లెల్లో పెరటి మునగ చాలా ఇళ్లలో కనిపిస్తుంది. కాయలు కోసుకుంటాం, ఆషాఢంలో ఆకు వండుకుంటాం. మిగతా ఆకంతా రాలి చెత్తలో కలిసిపోతుంది. నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎండిన మునగాకులో మాంసకృత్తులు సుమారు నాలుగో వంతు ఉంటాయి. మనం కోళ్లకు చల్లే మొక్కజొన్నలో అవి నూటికి తొమ్మిది పాళ్లే.

అలాగని దాణా మానేసి ఆకు వేస్తే కోడి చిక్కిపోతుంది. మేక పీచును అరిగించుకుంటుంది, కోడికి ఆ శక్తి చాలా తక్కువ. అందుకే ఒక్క లెక్క గుర్తుంచుకోండి: వంద పాళ్ల దాణాలో ఆకు పొడి ఐదు పాళ్లు. ఇక్కడ చెప్పే కొలతలన్నీ గుడ్లు పెట్టే పెట్టలకే. ఆరు వారాలు దాటని పిల్లలకు ఈ మిశ్రమం వద్దు. ఇందులో కలిపే ఆల్చిప్పల సున్నం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ముందు చెట్టును ఎంచుకోండి

మునగ అన్నిటికన్నా నమ్మకమైనది. పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగుల కోసం మల్బరీ వేసినవారికి ఆ ఆకు కూడా పనికొస్తుంది. అయితే తోటలో కోసిన తాజా ఆకే వాడాలి. పురుగుల తట్టల్లో మిగిలిన ఆకులో రెట్టలు, పడకపై చల్లిన మందు పొడి ఉంటాయి, దాన్ని కోళ్ల దగ్గరికి రానివ్వకండి.

సుబాబుల్ ఆకులోనూ మాంసకృత్తులు బాగానే ఉంటాయి కానీ, మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంటుంది. మోతాదు మించితే కోళ్ల ఎదుగుదల కుంటుపడుతుంది, గుడ్లు తగ్గుతాయి. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఎండబెడితే మైమోసిన్ కొంత తగ్గుతుంది. అప్పుడు కూడా ఐదు పాళ్లు దాటకూడదు. మునగ దొరికే చోట సుబాబుల్ జోలికి వెళ్లనవసరం లేదని నా అభిప్రాయం.

మేకలు ఇష్టంగా తింటాయని అవిసె ఆకు వేసేవారున్నారు. అది కోళ్లకు పడదు, పిల్లలకైతే ప్రాణం మీదికి వస్తుంది. గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లిరిసిడియా కూడా వద్దు. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం ఆకులు పొరపాటున కూడా కలవకూడదు.

కోత

మన ప్రాంతంలో తప్పనిసరిగా చూసుకోవలసిన విషయం ఒకటుంది. మామిడి పూతకొచ్చే రోజుల్లో తేనెమంచు పురుగుకు మందు కొడతారు. తోట గట్టు మీద మునగ ఉంటే ఆ మందు తుంపరలు దాని మీదా పడతాయి. అలాంటి చెట్టు ఆకు ఆ కాలంలో కోయకండి. గొంగళి పురుగులు గుంపుగా పట్టిన కొమ్మలనూ వదిలేయండి.

మంచు ఆరిన తర్వాత ఉదయం పూట, ముదరని ఆకున్న కొమ్మలు కోయాలి. ముదిరేకొద్దీ పీచు పెరుగుతుంది. పది పెట్టలకు ఒక విడత దాణాకు రెండున్నర కిలోల పచ్చి ఆకు చాలు, అది ఎండితే అరకిలో పొడి వస్తుంది.

ఆరబెట్టడం

అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. ఆకును ఒకసారి కడిగి, నీళ్లు ఓడ్చి, గాలి ఆడే వసారాలో శుభ్రమైన గుడ్డ మీద పలుచగా పరచండి. నేరుగా ఎండలో వేస్తే త్వరగా ఎండుతుంది, నిజమే. కానీ కోడికి విటమిన్ ఎ ఇచ్చే కెరోటిన్ ఆ ఎండకు చాలావరకు పోతుంది. ఆకు పచ్చగా ఉండగానే ఎండాలి. రోజుకు రెండుసార్లు తిరగేయండి. కుప్పగా పోస్తే లోపల వేడెక్కి నల్లబడుతుంది. వేసవిలో మూడు నాలుగు రోజులు పడుతుంది. పిడికిట్లో నలిపితే గలగలమని పొడి కావాలి, మెత్తగా ముడుచుకుంటే మరో రోజు ఉంచాలి.

తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. ఆ ముసురులో ఆకు ఎండదు, బూజు పడుతుంది. ఒక ఏడాది నవంబరులో ఎండబెట్టిన ఆకుకు కొద్దిగా ముక్క వాసన వచ్చింది. పారేయడానికి మనసు ఒప్పక కాసేపు తటపటాయించాను, చివరికి ఎరువు గుంతలో వేశాను. మీరూ అంతే చేయండి. ఆ మూడు నెలలకు కావలసిన పొడిని సెప్టెంబరులోపే చేసుకోవడం మేలు.

ఎండిన ఆకు నుంచి ఈనెలు, పుల్లలు ఏరి, దంచి జల్లించండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో వెలుతురు తగలని చోట పెట్టండి. రెండు మూడు నెలల్లో వాడేయాలి.

కలపడం

పది కిలోల దాణాకు:

మొక్కజొన్న నూక – 5 కిలోలు
బియ్యపు తవుడు – 1.8 కిలోలు
వేరుశనగ చెక్క – 1.5 కిలోలు
మునగాకు పొడి – అరకిలో
ఉప్పు పట్టించని ఎండు చేపల పొడి – అరకిలో
ఆల్చిప్పల నూక – 600 గ్రాములు
ఖనిజ లవణ మిశ్రమం – 100 గ్రాములు

వీటికి అదనంగా 25 గ్రాముల ఉప్పు. ఈ లెక్కన దాణాలో మాంసకృత్తులు దాదాపు 17 శాతం వస్తాయి, పెట్టలకు అది సరిపోతుంది.

వేరుశనగ చెక్క మనకు గానుగ దగ్గర సులువుగా దొరుకుతుంది. దాన్ని విరిచి లోపల చూడండి. తడి తగిలిన చెక్కలో బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కోడి కాలేయాన్ని పాడు చేస్తుంది. వేయించినా ఉడికించినా ఆ విషం పోదు. ఆకు పొడి ఎంత శ్రద్ధగా చేసినా చెడిన చెక్క కలిపితే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ముందు కొద్ది మొత్తాల్లో ఉండే పొడి, లవణాలు, ఉప్పును ఒక కిలో తవుడులో బాగా కలిపి, తర్వాత ఆ తవుడును మిగతా దాణాలో కలపండి. అలా చేస్తేనే పొడి అంతటా సమానంగా పడుతుంది.

పెట్టడం, గమనించడం

కొత్త దాణా ఒక్కసారిగా మార్చకండి. వారం రోజులపాటు పాత దాణాలో కలుపుతూ పెంచండి. బయట తిరిగి మేసే పెట్టకు రోజుకు యాభై గ్రాములు చాలు. అంటే పది పెట్టలకు పది కిలోలు ఇరవై రోజులు వస్తాయి. గూటిలోనే ఉంచే పెట్టకు దాదాపు రెట్టింపు కావాలి.

రెండు మూడు వారాలకు గుడ్డు పచ్చసొన రంగు చిక్కబడుతుంది. ఆకులోని పసుపు వర్ణకాల వల్ల వచ్చే మార్పు అది. రంగు చూసి గుడ్డు బలం పెరిగిందని కొనేవారికి చెప్పకండి. గుడ్ల సంఖ్య, రెట్ట గట్టిదనం, పెట్టల చురుకుదనం చూసుకోండి. రెట్ట పలుచబడినా, దాణా మిగిలిపోతున్నా పొడిని సగానికి తగ్గించండి. నాలుగు రోజుల్లో మార్పు లేకపోతే పశువైద్యుడికి చూపించండి.

వానల్లో పొడి అయిపోతే కంగారు పడకండి. లేత మునగ కొమ్మను కోడి తల ఎత్తున తాడుతో కట్టండి. పెట్టలు వాటికి కావలసినంత పొడుచుకుని తింటాయి, కిందపడి వాడిన ఆకును సాయంత్రం ఊడ్చేస్తే చాలు.