బోనాల వానలో డప్పు, ఏసీ హాల్లో మృదంగం: తోలు వాద్యాలను శ్రుతిలో ఉంచడం

ఆషాఢంలో బోనాలు మొదలయ్యేసరికి హైదరాబాద్‌లో ముసురు పడుతుంది. ఇంటి దగ్గర ఖంగుమన్న డప్పు లాల్‌దర్వాజ చేరేసరికి బొదబొదమంటుంది. అదే తోలు మే నెల ఎండలోనో, ఏసీ హాల్లోనో బిర్రబిగిసి శ్రుతి పైకి పోతుంది. తోలు తేమ పీలిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఏ దేశపు తోలు వాద్యమైనా అంతే. అందుకే కొత్త వాద్యం చేతికొస్తే ముందు తోలును పట్టి ఉంచింది ఏమిటో చూడండి: బంకా, మేకులా, వార్లా, తాళ్లా, బోల్టులా? శ్రుతి చేసే దారి దాన్నిబట్టే తేలుతుంది.

డప్పు కాచడం

డప్పుకు మేకతోలును చింతగింజల బంకతో చెక్క చట్రానికి అంటిస్తారు. తిప్పడానికి మర లేదు, లాగడానికి తాడు లేదు. కాబట్టి మంటే దిక్కు. వరిగడ్డి, ఎండు కొమ్మలు, అట్టముక్కలు వేసి తేలికపాటి మంట పెట్టండి. కిరోసిన్, పెట్రోలు వద్దు. వాటి మంట ఒక్కసారిగా లేచి తోలును కాల్చేస్తుంది.

డప్పును మంటకు మూరెడు దూరంలో పట్టుకుని చక్రంలా తిప్పుతూ ఉండండి. నడిమి తోలు త్వరగా ఆరుతుంది, చట్రాన్ని ఆనుకున్న అంచు ఆలస్యంగా ఆరుతుంది. నడుమ మోగుతోంది కదా అని ఆపేస్తే నాలుగు దెబ్బలకే మళ్లీ దిగిపోతుంది. అందుకే అంచులకు ఎక్కువసేపు సెగ తగలాలి. మధ్యమధ్య అరచెయ్యి ఆనించి చూడండి. చెయ్యి నిలవనంత వేడెక్కితే వెనక్కి తీయాలి. చిటికెన పుల్లతో (సన్న పుల్ల) అంచు చుట్టూ తట్టండి. అన్నిచోట్లా ఒకే మోత వస్తే చాలు, ఇక సిర్ర (లావు పుల్ల) అందుకోవచ్చు. నిప్పుల మీద కదలకుండా పెడితే ఒకచోట తోలు మాడి పెళుసవుతుంది, మరుసటి ఊరేగింపులో సరిగ్గా అక్కడే చీలుతుంది. వాన పడుతుంటే ప్లాస్టిక్ కవరు కప్పండి గానీ ఇంటికి రాగానే తీసేయండి. లోపల చెమర్చిన నీళ్లు బంకను వదులు చేస్తాయి.

ఐర్లండ్ బోధ్రాన్ కూడా డప్పులాంటి చట్రం వాద్యమే. పాతకాలపు బోధ్రాన్‌కు సాధారణంగా ఎదురయ్యే చిక్కు డప్పుకు తలకిందులు: తోలు మరీ బిగుసుకుంటే లోపలివైపు తడిచేత్తో రాసి వదులు చేస్తారు. హైదరాబాద్‌లో అది కొనుక్కుంటే ఎండాకాలం ఈ పని తప్పదు. జపాన్ తైకో డోళ్లలో నగాడో రకానికి తోలును మేకులతో కొడతారు. ఇంట్లో శ్రుతి మార్చే వీలు లేదు, కాబట్టి దాన్ని ఉంచే గది గాలినే చూసుకోవాలి.

తబలా

కుడి తబలాకు వార్ల కింద 8 గట్టాలు (గుండ్రటి చెక్క ముక్కలు) ఉంటాయి. పెద్ద తేడా ఉంటే గట్టాలను కిందికి కొట్టి శ్రుతి పెంచాలి, పైకి జరిపి తగ్గించాలి. చిన్న తేడాలకు గజ్రా (ముఖం అంచు చుట్టూ ఉండే తోలు జడ) చాలు. తంబూరా యాప్‌లో షడ్జం పెట్టుకుని, ఉంగరపు వేలిని స్యాహి (నడిమి నల్లని పూత) అంచున ఆనించి, చూపుడు వేలితో కినార్ (అంచు తోలు పట్టీ) మీద 'నా' కొడుతూ గట్టాలకు ఎదురుగా ఉన్న 8 చోట్లా వినండి. ముందు బాగా తగ్గినచోటు పట్టుకోండి. అక్కడ గజ్రా మీద పైనుంచి సుత్తితో రెండు దెబ్బలు, వెంటనే ఎదుటి చోట రెండు. వరసగా చుట్టూ కొట్టుకుంటూ పోతే పుడి (వాయించే తోలు ముఖం) ఒక పక్కకు ఒరుగుతుంది, తర్వాత ఎంత సరిచేసినా కలవదు. శ్రుతి దించాలంటే గజ్రాను కిందినుంచి పైకి తట్టాలి.

సుత్తి జారి కినార్ మీద పడితే పుడి మార్చడమే, అతుకు నిలవదు. తబలాను దాని సొంత శ్రుతికి ఒక స్వరస్థానం కంటే పైకి లాగకండి. అంతకు మించి కావాలంటే చిన్న ముఖం ఉన్న తబలా తీసుకోవాలి. ముఖం 5 అంగుళాలకు దగ్గరైన కొద్దీ పై శ్రుతులకు, 6కు దగ్గరైన కొద్దీ కింది శ్రుతులకు నప్పుతుంది.

స్యాహిని గోకడం, దానిమీద తడిగుడ్డ పెట్టడం చేయవద్దు. మామూలు తోలు నుంచి పుట్టే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి కలవవు. ఆ నల్లని పూత బరువే వాటిని కలిపి స్వరంలా వినిపిస్తుంది. 1920లోనే సి.వి. రామన్ 'నేచర్' పత్రికలో ఈ సంగతి రాశారు. చిన్న పెచ్చు ఊడినా 'నా' పక్కన జిల్లుమనే చప్పుడు చేరుతుంది.

మృదంగం తొప్పి

కుడివైపు పద్ధతి తబలాకు దగ్గరే. సుత్తికి బదులు చిన్న పుల్ల, గుండ్రాయి వాడతారు. కొత్తవాళ్లు తడబడేది తొప్పి, అంటే ఎడమవైపు ముఖం దగ్గర. రెండు చెంచాల బొంబాయి రవ్వలో అరచెంచా చొప్పున నీళ్లు పోస్తూ వేలికి అంటుకునే ముద్దలా పిసకండి. తోలు నడుమ కొంచెం తడిచేసి, మూడు అంగుళాల వెడల్పున అద్ది, అంచులకు పలచగా చేయండి. మధ్యలో పావు అంగుళం మందంతో మొదలుపెట్టి కుడివైపు షడ్జానికి ఒక స్థాయి కింద పలికేదాకా సరిచూసుకోండి. ముద్ద పెంచితే శ్రుతి దిగుతుంది, తీస్తే ఎక్కుతుంది. నీళ్లు ఎక్కువైతే ముద్ద జారుతుంది, తక్కువైతే కచేరీ మధ్యలోనే పెళ్లలు రాలుతుంది.

రవీంద్రభారతి లాంటి ఏసీ హాల్లో ముద్ద ఆరుతూ తేలికై తొప్పి శ్రుతి పైకి పోతుంది. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని పాటల మధ్య వేలితో అద్దుకోవాలి. కచేరీకి ముప్పావుగంట ముందే వెళ్లి, గవిసెన (తొడుగు) తీసి, తోలును ఆ గాలికి అలవాటు పడనిచ్చాకే శ్రుతి చేయండి. వచ్చీరాగానే చేస్తే మొదటి కీర్తనకే మారిపోతుంది. అయిపోగానే ముద్ద గీసేసి తుడవండి. మరిచిపోతే చీమలు, పురుగులు రవ్వతో ఆగవు, తోలునూ తింటాయి.

తాళ్లవి, బోల్టులవి

పశ్చిమాఫ్రికా జెంబేకు తోలు వదులైతే నిలువు తాళ్లను రెండేసి చొప్పున అడ్డతాడుతో మెలిపెడతారు, డైమండ్ ఆకారం వస్తుంది. తాడును పొట్టి కర్రకు చుట్టి, జెంబేను కాళ్లతో అదిమిపట్టి లాగండి. ఒక రోజుకు నాలుగైదు మెలికలు చాలు. ఒకేసారి వరసంతా లాగితే తోలు చీలుతుంది. ఢోలక్‌కు తాడు మీది ఇత్తడి రింగులు జరిపితే సరిపోతుంది.

క్యూబా కాంగాకు బోల్టులు ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున తిప్పుకుంటూ పోవాలి. డ్రమ్‌సెట్టుకైతే ఒకదాని తర్వాత దాని ఎదుటిది. ప్రతి బోల్టు దగ్గర అంచుకు అంగుళం లోపల తట్టి వినండి. తోలు కాంగాను వాయించాక వదులు చేయాలి. ప్లాస్టిక్ ముఖానికి అక్కర్లేదు.

గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే తోలు నిమ్మళంగా ఉంటుంది. చిన్న తేమ మీటరు ఒకటి తగిలించుకోండి. వానాకాలంలో సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాద్యాన్ని నేలమీద కాకుండా బల్లమీద ఉంచండి. మే నెలలో కారు డిక్కీలో మాత్రం గంటసేపైనా వదలకండి. స్యాహి పగుళ్లిచ్చేది, కినార్ అంచు చీలేది ఎక్కువగా అక్కడే.