రాగి సింగిల్ క్రిస్టల్: కోసే ముందు దిశ పట్టుకోవడం ఎలా

సింగిల్ క్రిస్టల్‌ను (ముక్కంతటా పరమాణువులు ఒకే వరుసలో ఉన్న స్ఫటికం) ఎటు పడితే అటు కోసి లాగితే వచ్చే అంకెలకు అర్థం ఉండదు. రాగి యంగ్స్ మాడ్యులస్ (లాగితే సాగకుండా నిలిచే బిగువు) [100] దిశలో (స్ఫటిక ఘనపు అంచు వెంట) సుమారు 67 గిగాపాస్కల్స్, [111] దిశలో (ఘనపు మూల నుంచి ఎదురు మూలకు) సుమారు 191. లోహం ఒకటే, తేడా దాదాపు మూడింతలు.

ముందు సమపాళ్ల నైట్రిక్ ఆసిడ్, నీళ్లలో పైపొర కరిగించండి. ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి, గోధుమరంగు పొగ విషం. నీళ్లలోనే ఆసిడ్ పోయాలి, తిరగేసి కాదు.

తర్వాత బ్యాక్ రిఫ్లెక్షన్ లావే ఫోటో (స్ఫటికం నుంచి వెనక్కి తిరిగొచ్చే ఎక్స్-కిరణాల చుక్కల చిత్రం): టంగ్‌స్టన్ ట్యూబ్, ఫిల్టర్ వద్దు, ఫిల్మ్‌కీ నమూనాకీ మధ్య 30 మి.మీ. చుక్కల్లో నాలుగు మడతల సౌష్ఠవం కనిపిస్తే [100], మూడు మడతలదైతే [111]. ఆ సౌష్ఠవ కేంద్రం ఫిల్మ్ మధ్య నుంచి 1 మి.మీ. జరిగిందంటే స్ఫటికం సుమారు 1 డిగ్రీ వాలినట్టే. కిరణం వాలుకు రెట్టింపు కోణం తిరుగుతుంది కదా. గోనియోమీటర్‌తో (నమూనాను కొలిచిన కోణంలో తిప్పే పరికరం) సరిచేయండి. చుక్కలు తోకల్లా సాగాయా? పైపొర ఇంకా నలిగే ఉంది, మళ్లీ ఆసిడ్‌కే.

హ్యాక్‌సా ముట్టుకోవద్దు, రాగి మెత్తన, దెబ్బ లోతుకు దిగుతుంది. వైర్ ఈడీఎం (తీగ నుంచి వచ్చే విద్యుత్ స్పార్క్‌లతో కోసే పద్ధతి) నయం. గోనియోమీటర్‌తో సహా మెషిన్‌కు బిగించండి. నమూనాను విప్పి చేత్తో మార్చారో, పడ్డ శ్రమంతా గంగపాలు.

[100]లో లాగితే 8 స్లిప్ సిస్టమ్స్‌కీ (పరమాణు పొరలు జారే తలం, దిశల జతలు) ష్మిడ్ ఫ్యాక్టర్ (లాగే ఒత్తిడిలో ఆ జారుడుకు అందే వాటా) 0.408, అన్నీ ఒకేసారి కదలొచ్చు కాబట్టి మొదటి నుంచే గట్టిపడుతుంది. ఒక్కటే ముందుగా కదలాలంటే [123] దిశలో కోయండి, అక్కడ 0.467.