మన బండి, మన చేతులు – 4వ పాఠం: ఇంజన్ కవర్‌కు అలెన్ బోల్టులు

పోయిన పాఠం తర్వాత ఎక్కువ మంది రాసింది ఒకటే: స్క్రూ తల అరిగిపోయింది, కవర్ మాత్రం ఊడలేదు. కాబట్టి ఆ స్క్రూల బదులు వేసే అలెన్ బోల్టుల (తలలో ఆరు పలకల గుంత ఉండేవి) సంగతి కాసేపు ఆగాలి.

ఆర్‌ఎక్స్ 100 వంటి జపాన్ డిజైన్ బైకుల కవర్ స్క్రూ తల మన ఇంట్లోని స్టార్ స్క్రూలాగే కనిపిస్తుంది. కానీ దాని గాడి జపాన్ ప్రమాణానిది, జేఐఎస్. తల మీద చిన్న చుక్క కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన అందులో అడుగుదాకా దిగదు. బలం పెట్టగానే పైకి జారి గాడి అంచుల్ని చెక్కేస్తుంది. 3వ నంబరు జేఐఎస్ బిట్, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ కొనండి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

తల పూర్తిగా పోయినవారు 6 ఎంఎం డ్రిల్ బిట్‌తో తలను మాత్రమే తొలిచేయండి. తల ఊడితే బిగువు పోతుంది, కవర్ వచ్చేస్తుంది. మిగిలిన ముక్కను వైస్ గ్రిప్ ప్లయర్‌తో (పట్టు వదలకుండా బిగిసే పట్టకారు) పట్టి తిప్పితే చాలాసార్లు తేలిగ్గానే వస్తుంది.

ఆయిల్ దించడం, పాత ప్యాకింగ్ గీకడం మీకు తెలుసు.

ఇక బోల్టులు. ఎం6 (అంటే 6 ఎంఎం లావు), పిచ్ (మరకూ మరకూ దూరం) 1 ఎంఎం, తలలో 5 ఎంఎం అలెన్ కీ పట్టేవి. స్టెయిన్‌లెస్ అయితే గట్టివి కదా అని కొందరు అడిగారు. ఎ2-70 రకం స్టెయిన్‌లెస్ తెగకుండా తట్టుకునే లాగుడు 700 మెగాపాస్కళ్లు, 8.8 గ్రేడ్ ఉక్కు 800, 12.9 గ్రేడ్ 1200. తుప్పు పట్టనంత మాత్రాన గట్టిదైపోదు. పైగా విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో స్టెయిన్‌లెస్ బోల్టు చుట్టూ తడి చేరితే క్షయమయ్యేది అల్యూమినియం కవరే. తెల్లటి పొడి రాలుతుంది. వేసి తీరాలంటే మరలకు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పూయండి. 12.9 నల్లవి వానకు త్వరగా తుప్పెక్కుతాయి. నేను జింకు పూత ఉన్న 8.8 తప్ప వేరేది వేయను. బిగించాక తల గుంతలో కాస్త గ్రీజు కూరుతాను, బురద చేరకుండా.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం: ఒకే పొడవు బోల్టులు డజను కొని అన్ని రంధ్రాలకూ వేయడం. కవర్ మందం అంతటా ఒకేలా ఉండదు. అడుగు మూసి ఉన్న రంధ్రంలో 5 ఎంఎం పొడవెక్కువ బోల్టు వేస్తే దాని కొస అడుగుకు తగిలి ఆగుతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, కవర్ మాత్రం నొక్కుకోదు. ఆయిల్ కారుతుంది. కారుతోందని ఇంకో తిప్పు తిప్పుతారు, మరలు పోతాయి. పొట్టి బోల్టు అయితే రెండు మూడు మరలకే పట్టుకుని వాటిని ఊడబెరుక్కుని వస్తుంది. అల్యూమినియంలో కనీసం 9 ఎంఎం, వీలైతే 12 ఎంఎం లోపలికి దిగాలి. అదనంగా వాషర్ వేస్తే దాని 1.6 ఎంఎం మందం కూడా లెక్కలోకి వస్తుంది. రంధ్రం అడుగున ఆయిల్ నిలిచి ఉన్నా ప్రమాదమే: నూనె అణగదు, బోల్టు దాన్ని నొక్కితే కేసింగ్ పగలొచ్చు. అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. కొలత తల కింది నుంచి. ఆ అట్టనే దుకాణానికి పట్టుకెళ్లండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, మీ ఊళ్లోనైనా.

బిగింపు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో. 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. యాంటీ సీజ్ పూస్తే ఇంకాస్త తగ్గించాలి, మరలు జారుడుగా ఉంటాయి కనుక. టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా) లేనివారు అలెన్ కీ పొడుగు కాడను తలలో పెట్టి, పొట్టి కాడతో తిప్పండి.

అభ్యాసం: పాత సామాన్ల కొట్టులో దళసరి అల్యూమినియం ముక్క కొనండి. 5 ఎంఎం రంధ్రాలు వేసి ఎం6 ట్యాప్‌తో మరలు తీయండి. కొన్నింటిలో బోల్టును 4 ఎంఎం, కొన్నింటిలో 12 ఎంఎం దిగనిచ్చి, కావాలనే మరలు పోయేదాకా బిగించండి. పోయే ముందు మణికట్టుకు తెలిసే ఆ మెత్తదనం గుర్తుపట్టేదాకా మీ బండి కవర్ ముట్టుకోవద్దు. మరలు పోయిన ఆ ముక్కల్ని పారేయకండి. వచ్చే పాఠంలో వాటికే హెలికాయిల్ (పోయిన మరల స్థానంలో దించే తీగచుట్ట) వేస్తాం.