భయపెట్టే సినిమాను మూడుసార్లు చూడాలి

మా ఇంట్లో నాన్న చర్చి సంఘ పెద్ద, చిన్నాన్న ఎర్రజెండా మనిషి. తెనాలి దగ్గర మా ఊళ్లో అదేమీ వింత కాదు. క్రిస్మస్‌కి చర్చి మీద నక్షత్రం కట్టేది చిన్నాన్నే. ఎర్ర కాగితం మిగిలితే పార్టీ ఆఫీసుకి పట్టుకుపోయేవాడు. అందుకే 1971 నాటి అమెరికన్ సినిమా 'ఇఫ్ ఫుట్‌మెన్ టైర్ యూ, వాట్ విల్ హార్సెస్ డూ?' మొదటిసారి చూసినప్పుడు నాకు భయం కంటే తికమకే ఎక్కువైంది. అందులో కమ్యూనిస్టులు అమెరికాని ఆక్రమించి, యేసుని నమ్మినవాళ్లని చంపుతుంటారు. మా చిన్నాన్నని ఎటువైపు నిలబెట్టాలి?

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఇలాంటి సినిమాలని పిల్లలతో కలిసి చూస్తున్నాను. నా పద్ధతి ఇది.

మొదటిసారి బొమ్మ చూడకండి. ఫోన్ బోర్లా పెట్టి వినండి. గంటలోపు సినిమాయే, అందులోనూ చాలా భాగం ప్రసంగం. మిసిసిపీ రాష్ట్రం న్యూ ఆల్బనీకి చెందిన బాప్టిస్టు పాస్టర్ ఎస్టస్ పిర్కిల్ మాట్లాడుతుంటారు. పేరు యిర్మీయా 12:5 నుంచి తీసుకున్నారు: కాలినడక వాళ్లతో పరుగెత్తే అలసిపోతే ఇక గుర్రాలతో ఏం పోటీపడతావని. ఆయన లెక్కలో డాన్సులు, టీవీ, డ్రైవ్-ఇన్ సినిమాలు (కార్లలో కూర్చుని ఆరుబయట తెర మీద చూసేవి), బళ్లో లైంగిక విద్య, ఇవన్నీ కాలిబంట్లు. వెనకాల వచ్చే గుర్రాలే కమ్యూనిస్టులు. వింటూ కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో ఆయన చెప్పిన మాట, రెండో గడిలో 'ఎవరు చెప్పారు? ఎక్కడ జరిగింది?' మా పిల్లల కాగితాల్లో రెండో గడి దాదాపు ఖాళీగానే మిగిలింది.

వినడం వల్ల ఇంకో లాభం ఉంది. బొమ్మ తీసేస్తే అదే గొంతు వేరేలా పనిచేస్తుంది. క్రైస్తవం పనికిమాలినది, కమ్యూనిజం మంచిదని లౌడ్‌స్పీకర్లలో వినిపిస్తారంటూ ఆయన హెచ్చరించిన మాటలనే 1987లో నెగటివ్‌లాండ్ అనే బ్యాండు కత్తిరించి పాట చేసింది. భయం కాస్తా ఎగతాళి అయిపోయింది.

రెండోసారి సౌండ్ తీసేయండి. ఇప్పుడు దర్శకుడి పనితనం కనిపిస్తుంది. రాన్ ఆర్మండ్ అంతకుముందు కౌబాయ్ సినిమాలు, చవకరకం డ్రైవ్-ఇన్ సరుకు తీసినవాడు. చిన్న విమానం కూలి, ప్రాణాలతో బయటపడ్డాక భక్తి వైపు మళ్లాడు. మనిషి మారాడు గానీ పనిముట్లు మారలేదు. డ్రైవ్-ఇన్‌లని తిట్టే సినిమాలో నెత్తురు డ్రైవ్-ఇన్ నెత్తురే. పిల్లలు ఎక్కడెక్కడ వస్తున్నారో లెక్కపెట్టండి. దేవుడి మాట వినకూడదని ఒక పిల్లాడి చెవిలో వెదురుపుల్ల దించే సీనుంది. పెద్దవాళ్లని చంపితే కోపం వస్తుంది, పిల్లల్ని చంపితే ఆలోచన ఆగిపోతుంది. అక్కడ సినిమా ఆపి, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టండి.

మిఠాయి సీను దగ్గర ఎక్కువసేపు ఆగాలి. కమ్యూనిస్టులు పిల్లల్ని కళ్లు మూసుకుని యేసుని మిఠాయి అడగమంటారు, రాదు. క్యూబా కమ్యూనిస్టు నాయకుడు ఫిడెల్ కాస్ట్రోని అడగమంటారు, వస్తుంది. ఇదే కథని వేరే దేశాల్లో స్టాలిన్ పేరుతో చెప్పుకున్నారు. పేరు మార్చినా కథ నడుస్తోందంటే, అది సాక్ష్యం కాకపోవచ్చని అనుమానించండి.

అలాగని అంతా కట్టుకథ అనేయకండి. మా పిల్లలు చేసిన తప్పు అదే. 1931లో మాస్కోలో క్రీస్తు రక్షకుడి మహా దేవాలయాన్ని పేల్చేశారు. 1967లో అల్బేనియా తనది నాస్తిక రాజ్యమని ప్రకటించి గుళ్లూ మసీదులూ మూసేసింది. రొమేనియా పాస్టర్ రిచర్డ్ వుర్మ్‌బ్రాండ్ రెండు విడతలుగా సుమారు 14 ఏళ్లు జైల్లో ఉండి, 1966లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు చొక్కా విప్పి మచ్చలు చూపించాడు. అది సాక్ష్యం. మనిషి, ఊరు, సంవత్సరం ఉన్నాయి. ఆ నిజమైన బాధని ఎత్తుకెళ్లి రేపో మాపో మిసిసిపీలో జరగబోతోందన్నప్పుడు అది ప్రచారం.

మిసిసిపీలో చర్చిలు కాలలేదా? కాలాయి. 1964 వేసవిలో నల్లజాతి చర్చిలు ముప్పైకి పైగా కాల్చారు, పేల్చారు. నెషోబా కౌంటీలో తగలబడిన మౌంట్ జయన్ చర్చి సంగతి చూడ్డానికి వెళ్లిన ముగ్గురు హక్కుల కార్యకర్తలని చంపేశారు. చేసింది కమ్యూనిస్టులు కాదు, కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా వాళ్లు. పైగా ఓటుహక్కు అడిగిన నల్లవాళ్లనే కమ్యూనిస్టులన్నారు. ఏడేళ్ల తర్వాత అదే రాష్ట్రం పాస్టర్ భయపెట్టిన ఈ సినిమాలో ఆ మంటలు లేవు. తెర మీద లేనిదాన్ని వెతకడమంటే ఇదే. చిన్నాన్నకి చూపిస్తే ఆయన ఇంకోటి పట్టుకున్నాడు: "ఒక్కడూ కూలి రేటు ఊసెత్తడేమే?"

మూడోసారి మామూలుగా చూడండి, కానీ ఆఖర్లో జూడీ అనే అమ్మాయి మనసు మారే చోట తెరని వదిలేసి హాలుని ఊహించుకోండి. ఇది వేసింది చర్చిల్లో. లైట్లు వెలిగేసరికి పాస్టర్ ముందు నిలబడి ఉంటాడు. మా ఊళ్లో తెల్ల దుప్పటి కట్టి 'కరుణామయుడు' వేసినప్పుడు కూడా చివర్లో మైకు అందుకునేవారు. అది భయపెట్టే సినిమా కాదు, ఏడిపించేది. అయినా ఏడుపు ఆరకముందే, ముందుకొచ్చి ప్రభువుని నమ్ముకోమనే పిలుపు వచ్చేది.

పదిమందికి చూపించేటట్టయితే నేను చేసిన పొరపాటు చేయకండి. ముందు ఏమీ చెప్పకుండా వేశాను. అందరూ పగలబడి నవ్వుతుంటే ఒకమ్మాయి లేచి బయటికి వెళ్లిపోయింది. చిన్నప్పుడు తనకి నరకం బొమ్మలు చూపించి నిద్రలేకుండా చేశారట. ఇప్పుడు ఏయే సీన్లు వస్తాయో ముందే చెబుతున్నాను, తలుపు దగ్గర కుర్చీలు రెండు ఖాళీగా ఉంచుతున్నాను, సినిమా అయ్యాక అరగంట టీ తప్ప మైకు ఎవరికీ ఇవ్వడం లేదు.