పాత కంప్యూటర్లు రెండింటిని కేబుల్‌తో నేరుగా కలిపినా ఫైళ్లు రాకపోతే: సమస్య - పరిష్కారం

రూటర్ గానీ స్విచ్ గానీ లేకుండా, రెండు పాత కంప్యూటర్లను ఒకే నెట్‌వర్క్ కేబుల్‌తో కలిపి ఫైళ్లు పంచుకోవచ్చు. అది పని చేయనప్పుడు చాలామంది మొదట షేరింగ్ సెట్టింగులు తెరిచి ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతారు. చివరికి ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తేల్చుకోలేరు. లోపాన్ని కేబుల్ దగ్గర మొదలుపెట్టి అడ్రస్, ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే రక్షణ ప్రోగ్రాం), అనుమతులు అనే వరుసలోనే వెతకాలి. కేబుల్ సంగతి తేలకుండా అనుమతుల జోలికి వెళ్లడం వల్ల ఉపయోగం లేదు.

సమస్య: కేబుల్ పెట్టినా పోర్ట్ దగ్గర లైటు వెలగడం లేదు

పాత 10, 100 మెగాబిట్ నెట్‌వర్క్ కార్డులు 1, 2 పిన్నుల మీద పంపుతాయి, 3, 6 పిన్నుల మీద అందుకుంటాయి. మామూలు కేబుల్‌లో ప్రతి తీగా రెండు చివరలా అదే నంబరు పిన్నుకు చేరుతుంది కాబట్టి, రెండు కంప్యూటర్లూ పంపే పిన్నులే ఒకదానికొకటి ఎదురుపడతాయి, అందుకునే పిన్నులకు ఏమీ చేరదు. ఇలాంటి కార్డులకు క్రాస్‌ఓవర్ కేబుల్ కావాలి. మీ దగ్గరున్నది ఏ రకమో తెలుసుకోవడానికి రెండు ప్లగ్గులనూ ఒకే ముఖం మీ వైపు ఉండేలా పక్కపక్కన పట్టుకుని రంగుల వరుస చూడండి. రెండూ ఒకేలా ఉంటే అది మామూలు కేబుల్. నారింజ జత ఉన్న చోట రెండో ప్లగ్గులో ఆకుపచ్చ జత ఉంటే క్రాస్‌ఓవర్.

గిగాబిట్ కార్డులు సాధారణంగా ఈ మార్పిడిని తామే చేసుకుంటాయి. రెండింటిలో ఒక కంప్యూటర్‌కు ఆ సామర్థ్యం ఉన్నా మామూలు కేబుల్ సరిపోతుంది. సరైన కేబుల్ పెట్టినా లైటు రాకపోతే, రెండు యంత్రాలూ ఆన్‌లో ఉన్నాయో లేదో, నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో ఆ కనెక్షన్ డిసేబుల్ అయి ఉందేమో, డివైస్ మేనేజర్‌లో కార్డు పక్కన పసుపు గుర్తు ఉందేమో చూడండి. పసుపు గుర్తు ఉంటే చాలా వరకు డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాం) లోపమే.

మరో మాట గట్టిగా చెప్పాలి. రెండు చివరలా కంప్యూటర్‌లో పెట్టే ప్లగ్గే ఉన్న మామూలు యూఎస్‌బీ కేబుల్‌తో రెండు కంప్యూటర్లను ఎప్పుడూ కలపకండి. ఫైళ్లు రాకపోవడం అటుంచి, రెండు వైపులా విద్యుత్తు ఎదురుపడి పోర్టులు పాడయ్యే ప్రమాదం ఉంది.

సమస్య: లైటు వెలిగింది, కానీ "పరిమిత కనెక్షన్" అని వస్తోంది

అడ్రస్ కేటాయించే రూటర్ మధ్యలో లేనందున విండోస్ కాసేపు వేచి చూసి, 169.254తో మొదలయ్యే అడ్రస్‌ను తానే పెట్టుకుంటుంది. రెండింటికీ అలాంటి అడ్రసే వస్తే నిజానికి అవి మాట్లాడుకోగలవు. అయినా చేత్తో ఇచ్చుకోవడమే మేలు, ఎందుకంటే అడ్రస్ స్థిరంగా ఉంటే తర్వాతి పరీక్షలన్నీ సులువవుతాయి. మొదటి దానికి 10.10.10.1, రెండో దానికి 10.10.10.2 ఇచ్చి, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 పెట్టండి. గేట్‌వే గడిని ఖాళీగా వదలండి. 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు వద్దు, వాటిని ఇళ్లలోని రూటర్లు ఎక్కువగా వాడతాయి. కంప్యూటర్ అదే సమయంలో వైఫైకి కూడా కలిసి ఉంటే, అవే అడ్రస్‌లు రెండు చోట్లా పడి ఫైలు ఏ దారిన వెళ్లాలో తేలదు.

సమస్య: పింగ్ చేస్తే జవాబు రావడం లేదు

మొదటి యంత్రంలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ping 10.10.10.2 అని టైపు చేసి రెండో దాని అడ్రస్‌కు పింగ్ చేయండి, అంటే అది జవాబిస్తోందో లేదో అడగండి. జవాబు రాకపోతే తప్పు కేబుల్‌దా, ఫైర్‌వాల్‌దా అన్న సందేహం వస్తుంది. దాన్ని తీర్చే మార్గం ఒకటుంది, ఎందుకో చాలామంది వాడరు. పింగ్ చేసిన వెంటనే అక్కడే arp -a అనే కమాండ్ నడపండి. వచ్చిన పట్టికలో 10.10.10.2 ఎదురుగా కార్డు భౌతిక అడ్రస్ కనిపిస్తే, కేబుల్, అడ్రస్ రెండూ బాగున్నట్టే, అడ్డుపడుతున్నది ఫైర్‌వాల్. ఆ వరుస లేకపోయినా, సున్నాలే కనిపించినా మళ్లీ కేబుల్, అడ్రస్‌ల దగ్గరికే వెళ్లాలి.

2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచి విండోస్ ఫైర్‌వాల్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటోంది. దాన్ని పూర్తిగా ఆపకండి. ఎక్సెప్షన్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కు టిక్ పెడితే చాలు. విండోస్ 7లో గేట్‌వే లేని ఈ కనెక్షన్‌ను గుర్తు తెలియని నెట్‌వర్క్‌గా, అంటే పబ్లిక్‌గా లెక్కిస్తారు. అందుకే అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగులలో పబ్లిక్ విభాగం తెరిచి అక్కడ ఫైల్ షేరింగ్ ఆన్ చేయాలి. హోమ్ విభాగంలో ఎంత మార్చినా ఫలితం ఉండదు. విడిగా వేసుకున్న యాంటీవైరస్‌లో సొంత ఫైర్‌వాల్ ఉంటే దాన్ని కూడా చూడండి.

సమస్య: పింగ్ వస్తోంది, కానీ నెట్‌వర్క్‌లో రెండో కంప్యూటర్ కనిపించడం లేదు

దీని మీద సమయం పెట్టకండి. వర్క్‌గ్రూప్ పేర్లు వేరైనా, జాబితా తయారు కావడం ఆలస్యమైనా ఇలాగే జరుగుతుంది. రన్ గడిలో \\10.10.10.2 అని నేరుగా టైపు చేసి ఎంటర్ నొక్కండి.

సమస్య: తెరుచుకుంటోంది, కానీ అనుమతి లేదంటోంది

పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీదుగా లోపలికి రావడాన్ని ఎక్స్‌పీ ప్రొఫెషనల్, ఆ తర్వాతి విండోస్‌లు మామూలుగా ఒప్పుకోవు. రెండు యంత్రాలలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో అకౌంట్ తయారుచేసి, దానితోనే లాగిన్ అవ్వడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు మీద షేరింగ్ అనుమతి, సెక్యూరిటీ అనుమతి అని రెండు ఉంటాయి. రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది.

ఒకవైపు ఎక్స్‌పీ, మరోవైపు విండోస్ 10 ఉంటే కారణం వేరు. ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ 1 తప్ప మరో షేరింగ్ భాష రాదు, 2017 చివరి నుంచి విండోస్ 10 కొత్త ఇన్‌స్టలేషన్లలో దాన్ని సాధారణంగా పెట్టడం లేదు. అదే ఏడాది వ్యాపించిన వానాక్రై అనే హానికర ప్రోగ్రాం ఆ ఎస్‌ఎంబీ 1 సర్వర్‌లోని (ఫైళ్లను ఇచ్చే భాగంలోని) లోపాన్నే వాడుకుంది. అందుచేత విండోస్ ఫీచర్స్‌లో ఎస్‌ఎంబీ 1 క్లయింట్‌ను (ఫైళ్లను తెచ్చుకునే భాగాన్ని) మాత్రమే ఆన్ చేసి, సర్వర్ టిక్ తీసేసి, విండోస్ 10 దగ్గర కూర్చుని ఎక్స్‌పీలోని ఫైళ్లను లాక్కోండి. పని కాగానే క్లయింట్‌ను కూడా తీసేయండి.

సమస్య: కాపీ మొదలవుతుంది, కానీ మరీ నెమ్మది, లేదా మధ్యలో ఆగుతుంది

100 మెగాబిట్ లింకు మీద సెకనుకు సుమారు 11 మెగాబైట్లు రావాలి. పాత డిస్కుల మీద కొంత తగ్గినా ఆశ్చర్యం లేదు. ఒక మెగాబైటు కూడా దాటకపోతే, ఒక కార్డు ఆటోలో, మరొకటి బలవంతంగా ఫుల్ డ్యూప్లెక్స్‌లో (ఒకేసారి పంపుతూ అందుకునే పద్ధతిలో) ఉండి ఉండవచ్చు. అప్పుడు ఆటోలో ఉన్నది హాఫ్ డ్యూప్లెక్స్‌కు, అంటే ఒకసారికి పంపడమో అందుకోవడమో ఒకటే చేసే పద్ధతికి పడిపోతుంది. రెండింటినీ ఆటోలోనే ఉంచండి. పెద్ద ఫైలు ఒక్కటే ఆగిపోతుంటే, చేరాల్సిన డిస్కు ఫ్యాట్ 32 అనే పాత ఫార్మాట్‌లో లేదు కదా అని చూడండి, అందులో 4 గిగాబైట్ల ఫైలు పట్టదు. ఆ డిస్కును కన్వర్ట్ కమాండ్‌తో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చవచ్చు, కానీ ముఖ్యమైన ఫైళ్లకు ముందుగా మరోచోట నకలు పెట్టుకోండి. దానికి వీలు లేకపోతే ఫైలును ముక్కలుగా ఆర్కైవ్ చేసి పంపండి.